కనిపించని అయిదుగురు



డెబ్బై అయిదు సంవత్సరాలు నిండిన విద్యాలయం ముంగిట రెండు మాటలు వినిపించడం లోకసహజం. "ఆ రోజులే వేరు" అనేది మొదటిది. "కాలానుగుణంగా మారకపోతే మనుగడ లేదు" అనేది రెండవది. రెండింటి వెనుకనూ ఉన్నది సంస్థ మీది మమకారమే. అయినా ఆ రెండు మాటలూ ఎదురుబొదురుగా నిలిచి ఏళ్ల తరబడి వాదించుకుంటే సంస్థకు ఏమవుతుంది? ఈ ప్రశ్నకు సుదూర దేశపు క్రీడారంగంలో ఒక నిదర్శనం ఉంది. అమెరికాలోని నెబ్రాస్కా విశ్వవిద్యాలయపు ఫుట్‌బాల్ జట్టు, ఆ జట్టులో సన్నగిల్లిన పరుగు ఆట, దానిని గురించి అభిమానులు సాగించిన వాదోపవాదాలు నేటి ప్రసంగ విషయం.

అమెరికన్ ఫుట్‌బాల్ మన దేశంలో పాదాలతో ఆడే బంతియాట కాదు. కోలగా ఉండే బంతిని చేతబట్టి, 100 గజాల మైదానంలో ప్రత్యర్థి సీమలోకి చొచ్చుకుపోవడం అందులోని లక్ష్యం. ఒక్కొక్క పక్షాన పదకొండుగురు ఆడతారు. నాలుగు ప్రయత్నాలలో 10 గజాలు ముందుకు సాగాలి. సాగలేకపోతే బంతి ఎదుటివారి వశమవుతుంది. ముందుకు సాగడానికి మార్గాలు రెండు. బంతిని గాలిలో విసిరి సహచరునికి అందించడం ఒకటి. బంతిని పొట్టకు అదుముకుని మనుషుల గోడను చీల్చుకుంటూ పరుగెత్తడం మరొకటి. ఈ రెండవదే పరుగు ఆట. పరుగెత్తేవాడు అందరి కంటా పడతాడు. అతనికి దారి చేసేవారు అయిదుగురు. మధ్యన ఒకడు, అతనికి ఇరుపక్కలా ఇద్దరేసి చొప్పున వంగి నిలబడి, ఎదుటి బలశాలులను రెండు మూడు క్షణాల పాటు అటూ ఇటూ నెట్టి, ఒక మనిషి దూరేంత సందు సృష్టిస్తారు. ఆ సందు లేనిదే ఎంతటి వేగశాలి అయినా అడుగు ముందుకు వేయలేడు.

నెబ్రాస్కా మొక్కజొన్న పొలాలకూ పశువుల మేత భూములకూ పేరుపొందిన రాష్ట్రం. 2020 జనగణన ప్రకారం అక్కడి జనాభా సుమారు 19 లక్షల 60 వేలు మాత్రమే. పేరుమోసిన వృత్తి క్రీడాజట్లు ఆ రాష్ట్రంలో లేవు. అందుచేత లింకన్ నగరంలోని విశ్వవిద్యాలయ జట్టే ఊరూరికీ సొంత జట్టు. 1923లో ప్రారంభమైన మెమోరియల్ స్టేడియం యుద్ధాలలో సేవ చేసిన ఆ రాష్ట్రవాసుల స్మృతికి అంకితమైనది. 1962 నవంబరులో మొదలైన ఒక పరంపర ప్రకారం అక్కడ జరిగే ప్రతి పోటీకి టిక్కెట్లన్నీ చెల్లిపోతూ వచ్చాయి. పోటీనాడు తాతా మనుమడూ ఒకే ఎర్ర చొక్కా ధరించి పక్కపక్కన కూర్చోవడం అక్కడి ఆచారం.

ఆ జట్టుకు 1962 నుండి 1972 వరకు బాబ్ డెవానీ, 1973 నుండి 1997 వరకు టామ్ ఆస్బోర్న్ ప్రధాన శిక్షకులు. ముప్పది ఆరు సంవత్సరాలలో ఇద్దరే నాయకులు. డెవానీ కాలంలో 1970, 1971 సంవత్సరాలలోనూ, ఆస్బోర్న్ కాలంలో 1994, 1995, 1997 సంవత్సరాలలోనూ జట్టు జాతీయ విజేతగా గుర్తింపు పొందింది. 1995లో అది ఒక్కొక్క పోటీలో సగటున దాదాపు 400 గజాలు కేవలం పరుగుతోనే సాధించింది. ఆ క్రీడాసంవత్సరపు అంతిమ పోటీలో ఫ్లోరిడా జట్టును 62–24తో ఓడించిన నాడు పరుగు ద్వారా వచ్చినవి 524 గజాలు. బంతిని తానే ఉంచుకోవాలా, పక్కవానికి అందించాలా అన్నది పరుగెత్తుతూనే నిర్ణయించుకునే "ఆప్షన్" విధానం ఆ జట్టు ముద్రగా స్థిరపడింది.

ఆస్బోర్న్ విరమణ తరువాత, ఆయన వద్ద చిరకాలం సహాయకుడుగా ఉన్న ఫ్రాంక్ సోలిచ్ బాధ్యత స్వీకరించాడు. 2001లో జట్టు జాతీయ కిరీటపు పోటీ దాకా చేరినా, అంతకుముందు కొలరాడో చేతిలో 62–36తోనూ, ఆ తుది పోటీలో మయామి చేతిలో 37–14తోనూ పరాజయం పాలయింది. 2002లో ఏడు గెలుపులు, ఏడు ఓటములు. నలభై ఏళ్లుగా ఏటా ఓటముల కంటే గెలుపులే ఎక్కువగా చూసిన జనానికి అది పిడుగుపాటు. పరుగు ఆటకు కాలం చెల్లిందా అన్న ప్రశ్న టీకొట్టు మొదలు ప్రార్థనా మందిరపు మెట్ల దాకా పాకింది.

మార్పు కోరినవారి వాదం తేలికగా తీసివేయదగినది కాదు. ప్రత్యర్థి రక్షకులు వెనుకటి కంటే వేగవంతులయ్యారు. పక్కలకు పరుగెత్తే ఆటను వారు అంచుల వద్దే పట్టుకుంటున్నారు. బంతి విసరడంలో నేర్పరులైన యువకులు, వృత్తి క్రీడలో స్థానం ఆశించేవారు, పరుగునే నమ్ముకున్న జట్టులో చేరడానికి వెనుకాడుతున్నారు. వెనుకబడిన పోటీలో త్వరగా పుంజుకోవడానికి నేల మీది ఆట చాలదు. ఇవి వారి తర్కాలు.

సంప్రదాయ పక్షం వారి సమాధానమూ బలమైనదే. పెద్ద నగరాలు లేని రాష్ట్రానికి ఏటేటా మెరికల్లాంటి విసురుగాళ్లు దొరకరు. దొరికేది దృఢకాయులైన పల్లె యువకులు. ఉన్న బలానికి తగిన ఆట ఆడడమే వివేకం. గాలులు వీచి మంచు కురిసే నవంబరులో విసిరిన బంతి కంటే చేతిలోని బంతి మేలు. ఇవి వీరి తర్కాలు.

2003లో తొమ్మిది పోటీలు గెలిచి మూడు ఓడిన దశలో సోలిచ్‌ను తొలగించారు. వృత్తి క్రీడారంగం నుండి బిల్ కాలహాన్ వచ్చాడు. ఆప్షన్ స్థానంలో బంతి విసిరే ఆట ప్రవేశించింది. 2004లో జట్టు అయిదు గెలిచి ఆరు ఓడింది. 1961 తరువాత ఓటములు మిన్నగా ఉన్న తొలి సంవత్సరం అదే. టెక్సాస్ టెక్ చేతిలో 70–10 పరాభవం కూడ ఆ ఏడాదిదే. 2006లో తొమ్మిది గెలుపులతో కొంత కోలుకున్నా, 2007లో మళ్లీ అయిదు గెలుపులు, ఏడు ఓటములు. ఆ సంవత్సరాంతంలో కాలహాన్ నిష్క్రమించాడు. మార్పు కోరిన పక్షానికి అవకాశం దక్కింది, ఫలితం దక్కలేదు.

తరువాత సంప్రదాయ పక్షానికీ అవకాశం వచ్చింది. 1997 నాటి విజేత జట్టులో బంతి నడిపిన స్కాట్ ఫ్రాస్ట్, నెబ్రాస్కా గడ్డ మీద పుట్టినవాడు, 2018లో ప్రధాన శిక్షకుడుగా తిరిగి వచ్చాడు. అంతకుముందు సంవత్సరమే మరొక విశ్వవిద్యాలయ జట్టును ఓటమి ఎరుగకుండా నడిపిన ఖ్యాతి అతనిది. ఇంటి బిడ్డ వచ్చాడు, ఇక పాత వైభవం వచ్చినట్లే అని జనం పండుగ చేసుకున్నారు. 2022 సెప్టెంబరులో అతనిని తొలగించేనాటికి గెలుపులు 16, ఓటములు 31. పాత వ్యక్తి వచ్చినంత మాత్రాన పాత కాలం రాదని ఆ అంకెలు చెబుతున్నాయి.

మరి రెండు పక్షాలూ చూడనిది ఏది? చూడడానికి ఆకర్షణ లేని ఆ అయిదుగురి వరుస. నెబ్రాస్కా పరుగుకు ఆధారం ఆప్షన్ అనే పథకం ఒక్కటే కాదు. ఆ వరుసను తయారుచేసిన దీర్ఘకాలిక కృషి. 1969లోనే బాయిడ్ ఎప్లీ అనే యువకుని నియమించి, బరువులెత్తే వ్యాయామాన్ని శాస్త్రీయంగా నేర్పించారు. ఉపకార వేతనం లేకుండా సొంత ఖర్చుతో చదువుతూ జట్టులో చేరదలచిన గ్రామీణ యువకులకు తలుపులు తెరిచి ఉంచారు. అటువంటి వారు రెండు మూడేళ్లు ఎవరి కంటా పడకుండా సాధన చేసి, నాలుగవ యేటనో అయిదవ యేటనో మైదానంలో నిలిచేవారు.

బర్ అనే చిన్న పల్లె నుండి వచ్చిన డీన్ స్టైన్‌కూలర్ ఆ వరుసకు గొప్ప ఉదాహరణ. అతడు చదివిన బడిలో పదకొండుగురు ఆటగాళ్లు సమకూరరు గనుక ఎనిమిది మందితోనే ఆట సాగేది. ఆ బడి పిల్లవాడే 1983లో దేశంలోని వరుస ఆటగాళ్లలో ఉత్తమునికిచ్చే ఔట్‌లాండ్ పురస్కారం అందుకున్నాడు. 1984 జనవరి 2న మయామితో జరిగిన పోటీలో కావాలనే నేల మీద వదిలిన బంతిని ఎత్తుకుని, 19 గజాలు పరుగెత్తి తానే స్కోరు చేశాడు. దారి చేసేవాడు తానే ఆ దారిన పరుగెత్తిన ఆ ఘట్టాన్ని, జట్టు ఒక్క పాయింటుతో ఓడినా, అభిమానులు నేటికీ చెప్పుకుంటారు.

ఈ వరుసకు పాఠం చెప్పిన గురువు మిల్ట్ టెనోపిర్. 1974 నుండి 2002 వరకు, ఇరవై తొమ్మిది క్రీడాసంవత్సరాలు ఆయన ఆ పనిలోనే ఉన్నాడు. ఆయన విరమణ, పరుగు ఆట క్షీణత ఒకే కాలంలో సంభవించాయి. ఒక్క మనిషి వెళ్లడమే సర్వానికీ కారణమని చెప్పడం అతిశయోక్తి. అయితే ప్రధాన శిక్షకుడు ఎవరు, పథకం ఏది అని ఊరంతా వాదించుకుంటున్న వేళ, వరుసకు ఎవరు నేర్పుతున్నారు అని అడిగిన గొంతులు తక్కువ. 2004 నుండి 2023 వరకు ఇరవై ఏళ్లలో ప్రధాన శిక్షకులు అయిదుగురు మారారు. నాయకుడు మారినప్పుడల్లా పద్ధతి మారింది. పద్ధతి మారినప్పుడల్లా వరుస మళ్లీ ఓనమాల నుండి నేర్చుకోవలసి వచ్చింది. నాలుగైదేళ్లకు పండే పంటను మూడవ యేటనే దున్నివేస్తే గింజ చేతికి రాదు. నేలదా తప్పు, విత్తనానిదా తప్పు అన్న వాదం మాత్రం మిగులుతుంది.

విద్యాలయానికీ ఇటువంటి వరుస ఉంటుంది. ఉత్తీర్ణత శాతాలు, పతకాలు, వార్తాపత్రికలలో ఫోటోలు పరుగెత్తేవాని వంటివి; కంటికి కనబడతాయి. మొదటి తరగతిలో గుణింతం దిద్దించిన ఉపాధ్యాయిని, పరభాషా ప్రాంతంలో పిల్లవానికి తెలుగు పుస్తకం వెదికి తెచ్చిన గ్రంథపాలకుడు, ఇంట్లో సాయంవేళ పాఠం అప్పజెప్పించుకున్న తల్లి దారి చేసేవారు. మాతృభాషా మాధ్యమం నిలవాలా, ఆంగ్లం ప్రవేశించాలా అన్న వాదం ఇటువంటి బడులన్నింటా ఉన్నదే. ఉండవలసిందే. ఏ మాధ్యమాన్ని ఎంచుకున్నా, చిన్న తరగతులలో చెప్పేవారు నిలకడగా ఉన్నారా, వారికి తగిన సమయం, గౌరవం, ఆసరా దక్కుతున్నాయా అన్న ప్రశ్న ఆ వాదం కంటే ముందు రావాలి. ఆ ప్రశ్నను విడిచిన వాదంలో ఎవరు నెగ్గినా బడి నెగ్గదు.

నెబ్రాస్కా అభిమానుల నుండి గ్రహించవలసిన మంచి ఒకటి ఉంది. 2004లోనూ, 2007లోనూ జట్టు ఓడుతూనే ఉంది. వారు వాదించుకుంటూనే ఉన్నారు. అయినా ఆ స్టేడియంలో టిక్కెట్లు మిగలలేదు. తప్పు పట్టినవారే ఎర్ర చొక్కా వేసుకుని చలిలో వచ్చి కూర్చున్నారు. సంస్థను విమర్శించే హక్కు ఆ విధంగా సంపాదించుకున్నది. పాత రోజులను తలచుకునే పూర్వ విద్యార్థి ఏడాదికొకసారి ఈ తరగతి గదుల వైపు నడచినా, మార్పు కోరే తల్లిదండ్రులు తమ బిడ్డను ఈ బల్లల మీదనే కూర్చోబెట్టి కోరినా, ఆ వాదం బడికి బలమే అవుతుంది.

ఈ ప్లాటినం జూబిలీ వేళ వేదిక మీద పేరు పలకని, సంచికలో ఫోటో పడని ఆ వరుసకు కృతజ్ఞతాపూర్వక నమస్కారం. స్వస్తి.