కంప్యూటరు ఆటలు నిర్మింప నేర్చు బాలురకు సాధనములు



నేను ముప్పది యేండ్లకు పైగా ఉన్నత పాఠశాలలలో తెలుగు పండితుడుగా పనిచేసి విశ్రాంతి గొనుచున్నవాడను. మాది కృష్ణాజిల్లాలోని ఘంటసాల. శబ్దమంజరి, అమరము, బాలవ్యాకరణము నేను చదివిన చదువులు. ఇట్టివాడు కంప్యూటరు ఆటలను గూర్చి ప్రసంగించుట యేమని కొందఱు పెద్దలకు నవ్వు రావచ్చును. రెండేండ్ల క్రిందట నైనచో నాకును వచ్చియుండెడిది. కాని యీ విషయమున మా యింట జరిగిన తగవును, దానివలన నేను తెలిసికొన్న సంగతులును మీ యిండ్లలో కూడ పనికివచ్చునని తలచి మనవి చేయుచున్నాను.

మా మనుమడు తొమ్మిదవ తరగతిలో నుండగా ఒకనాడు నాయొద్దకు వచ్చి, “తాతయ్యా, నాకు ఆటలు ఆడటం కన్నా తయారుచేయటం ఇష్టం. నాన్నతో నువ్వే చెప్పాలి” అనెను. వాని తండ్రి విని, “చదువు మానటానికి వీడికి కొత్త సాకు దొరికింది నాన్నగారూ” అని ఫోను లాగికొనెను. పది దినములు గడువకముందే యెవరో ఆ విద్యలో ఉద్యోగములున్నవని చెప్పగా, ఆతడే మినుములమ్మిన సొమ్ములోనుండి పదివేల రూపాయలు ఒక శిక్షణసంస్థకు మొదటి విడతగా కట్టెను. మొత్తము రుసుము నలువదివేలు. వారు తొలిదినముననే పెద్ద యుద్ధపుటాటను కట్టు పాఠము పెట్టిరి. పిల్లవాడు చూచినది చూచినట్లు వ్రాసికొనెను గాని యే పంక్తి యెందులకో ఎఱుగడు. అడిగిన సందేహమునకు సమాధానము రాదు. మూడు నెలలకు వాడు, “నాకు బుర్ర లేదేమో తాతయ్యా” అని కంటతడి పెట్టెను. వారు చూపిన పనిముట్టు ఉచితమనియు, దానిని నేర్పు పాఠములును ఉచితమనియు మాకు తరువాత తెలిసినది. పదివేలు పోయినందుకంటె పిల్లవాడన్న ఆ మాటకే నా మనస్సు నొచ్చినది.

అట్లు నొచ్చుటకు మఱియొక కారణము గలదు. నేను ఉద్యోగమున చేరిన క్రొత్తలో ఒక విద్యార్థి, సంధులు వ్రాయవలసిన పుస్తకమున పులిమేకల పటము గీచి, దానికి క్రొత్త గీతలు చేర్చి, ప్రక్కన తన నియమములు వ్రాసికొనుచు నాకు పట్టుబడెను. ఆ కాగితమును చించివైచి వానిని తరగతి వెలుపల నిలబెట్టితిని. ఆ యేడే వాడు చదువు మానెను. నా వలననే మానెనని చెప్పలేను. కాని చించుటకు ముందు ఆ కాగితమును చదివియుండవలసినది.

ఆడుట వేఱు, ఆటను కట్టుట వేఱు. పద్యము చదువుటకును పద్యము చెప్పుటకును గల భేదమే యిందును గలదు. ఆడువాడు నియమములకు లోబడును. కట్టువాడు నియమములను ఆలోచించి, వాని ఫలము నూహించి, తప్పిన చోట దిద్దుకొనును. గంటలకొలది ఫోను పట్టుకొని ఆడు పిల్లవానిని మందలింపవలసినదే. కాని “ఈ పులి ఇటు ఎందుకు దూకకూడదు?” అని యడుగు పిల్లవానిని మందలించినచో విద్యనే మందలించినట్లగును.

ఇక సాధనముల సంగతి. మొదటిది స్క్రాచ్ అనునది. అమెరికాలోని ఎం.ఐ.టి. విద్యాసంస్థకు చెందిన మీడియా ల్యాబ్‌లో తయారై 2007లో లోకమునకు వచ్చినది. ఇందు ఆజ్ఞలను అక్షరము వెంట అక్షరముగా టైపు చేయనక్కఱలేదు. రంగురంగుల ముక్కలపై ఆజ్ఞలు వ్రాసియుండును. వానిని ఒకదాని క్రింద నొకటి అతికించినచో తెరమీది బొమ్మ నడచును, దూకును, పలుకును. దీనికి వెల లేదు. ఒకసారి కంప్యూటరులోనికి దించుకొన్న పిదప ఇంటర్నెట్టు లేకున్నను పనిచేయును. అన్నింటికంటె ముఖ్యముగా, ఇతరులు ప్రకటించిన ఆటను విప్పి లోపల చూచి, మార్చి, మఱియొక ఆటగా చేయవచ్చును.

రెండవ మెట్టు పైథాన్. ఇది డచ్చి దేశీయుడైన గిడో వాన్ రోసమ్ 1991లో వెలువరించిన భాష. ఇందు ఆజ్ఞలను స్వయముగా వ్రాయవలెను. కావున స్పష్టముగా ఆలోచించుట అలవడును. ఆటల కొఱకు దీనికి పైగేమ్ అను అనుబంధము గలదు. మూడవ మెట్టు గోడో. అర్జెంటీనా దేశస్థులిరువురు ఆరంభించి 2014లో అందఱికిని విడిచిపెట్టిన పనిముట్టు. దీని ఉచిత గ్రంథమున మొదటి ఆటను ఆదినుండి అంతమువరకు చేయించు పాఠము గలదు. బొమ్మలు, ధ్వనులు కావలసినచో ఓపెన్ గేమ్ ఆర్ట్ అను చోట ఎందఱో ఇచ్చినవి లభించును. అయితే ప్రతిదానికి ఇచ్చినవారు పెట్టిన నిబంధన చదివి, పేరు చెప్పుమన్నచోట వారి పేరు చెప్పవలెను. పరుల పద్యము తనదని చదువుట ఎంత తప్పో ఇదియు నంతే.

ఆంగ్లము రాని పిల్లవాని గతి యేమని మీరడుగుదురు. ఐ.ఐ.టి. బొంబాయి వారి స్పోకెన్ ట్యుటోరియల్ అను పాఠములు గలవు. ఒక్కొక్కటి సుమారు పది నిమిషములు. ప్రోగ్రాములు వ్రాయుట మొదలగు విషయములపై పలు పాఠములు తెలుగు మాటలతోను గలవు. తెరమీద ఆంగ్లము కనబడుచుండగా చెవికి తెలుగు వినబడును. మా మనుమనికి ఆ పది నిమిషములు ఇచ్చిన ధైర్యము ఆ మూడు నెలలు ఇయ్యలేదు.

ఈ విద్య పుట్టినప్పుడును ఇట్లే పంచుకొనుటచే పెరిగినది. 1962లో ఎం.ఐ.టి.లో స్టీవ్ రస్సెల్ అను యువకుడు తన మిత్రులతో కలిసి స్పేస్‌వార్ అను ఆటను కట్టెను. ఒక మిత్రుడు దానికి నిజమైన నక్షత్రపటమును చేర్చెను. మఱియొకడు సూర్యుని ఆకర్షణను చేర్చెను. మూలమునకు వ్యాఖ్య, వ్యాఖ్యకు టిప్పణి పుట్టినట్లు పుట్టిన ఆట యిది. దానిని వారు అమ్ముకొనలేదు. అడిగిన ఇతర స్థలములకు ప్రతులిచ్చిరి.

సాధనములు దొరికినవి. కాని మొదట ఏ ఆట కట్టవలెను? మనుమడు మరల యుద్ధమే అనెను. నేను, “ముందు పులిమేకలు కట్టరా అబ్బాయీ” అంటిని. మూడు పులులు, పదునైదు మేకలు, ఇరువదిమూడు స్థానములు. మన పెద్దలందఱు ఎఱిగిన ఆటయే. వాడు కాగితము తెచ్చి, “నియమాలన్నీ చెప్పు తాతయ్యా” అనెను. మా యింటి అరుగుమీద కూర్చున్న పొరుగు పెద్దాయనకును నాకును అక్కడనే వాదము వచ్చినది. మేకలన్నియు పెట్టకముందు పెట్టిన మేకను జరుపవచ్చునా? జరుపరాదని నేను, జరుపవచ్చునని ఆయన. అరువదియేండ్లుగా ఇరువురము ఆడుచున్న ఆట! మనుష్యులైనచో సర్దుకొందురు, యంత్రము సర్దుకొనదు. కడకు జరుపరాదని తీర్మానించి వ్రాయించితిమి.

పిల్లవాడు స్థానములకు అంకెలు వేసి, ఖాళీ అయినచో సున్న, మేకకు ఒకటి, పులికి రెండు అని గుర్తు పెట్టికొనెను. అది చూడగానే నాకు ఛందస్సులోని ప్రస్తారము జ్ఞప్తికి వచ్చినది. గురువు, లఘువు అను రెండు గుర్తులతో మూడక్షరముల గణములు ఎనిమిది యగునని పింగళుని శాస్త్రము నుండి మనము నేర్చినదే కదా. కంప్యూటరును రెండు గుర్తులతోనే సర్వమును లెక్కించును. దీనిని బట్టి మనవారే కంప్యూటరు కనిపెట్టిరని నేననను. పాతచదువు చదివినవానికి క్రొత్తచదువు బొత్తిగా పరాయిది కాదని మాత్రమే నా మనవి.

ఆట నడచిన మొదటినాడు పులి తన తోటి పులిమీదుగా దూకి దానినే చంపెను! పిల్లవాని ముఖము వాడెను. నేను వ్రాతను చదివించుకొంటిని. ‘ప్రక్క స్థానము ఖాళీ కాకున్నచో, దాని ఆవలి స్థానము ఖాళీయైనచో, దూకవచ్చును’ అని యుండెను. ప్రక్కనున్నది మేకయే కావలెనన్న మాట లేదు. “ఇది నీ బుర్ర లోపం కాదురా, లక్షణానికి అతివ్యాప్తి దోషం” అని చెప్పితిని. తర్కము చదివినవారికి ఈ దోషము క్రొత్త కాదు. వాడు ఒక్క పదము మార్చెను. పులి బుద్ధిగా మేకనే తినెను. “నాకు బుర్ర లేదేమో” అన్న పిల్లవాడు ఆనాటినుండి తప్పు వచ్చినప్పుడు ఏడ్వక వెదకుచున్నాడు.

పెద్దలారా, 1935లో గుంటూరుజిల్లా కొల్లిపర ప్రాంతమున కాలువమీద పడవ గ్రంథాలయము నడిచినది. పుస్తకములే పాఠకుని రేవునకు వచ్చినవి. నేడు పాఠములు ఇంటిలోనికే వచ్చుచున్నవి. ఏది ముందు, ఏది వెనుక అని చెప్పువారే కఱవు. కావున మీరు నాలుగు పనులు చేయుడు. ఉచితమైనవి చూడకముందు రుసుము కట్టకుడు. చిన్న ఆట నొకదానిని ముగించువఱకు పెద్దదాని జోలికి పోనీయకుడు. రోజునకు ఒక వేళ యేర్పఱచి, బడి చదువు చెడకుండ చూడుడు. మీ రెఱిగిన దాడి, అష్టాచెమ్మ, వామనగుంటల నియమములను పిల్లలకు విప్పిచెప్పుడు. ఆ సాధనము మీయొద్దనే యున్నది.

మా మనుమని పులిమేకలను మొదట ఆడినవాడు వాని తండ్రి. మేకలవైపు కూర్చుండి రెండుసార్లు ఓడి, మూడవ ఆట అడిగెను. నియమములు వ్రాసిన కాగితమును నేను చింపలేదు. నా బాలవ్యాకరణములో పెట్టి దాచితిని.