లక్కపిడతలు

బొమ్మరింటిలో కాపురమంతయు లక్కపిడతలతోనే సాగును. వీనికి పేరుగాంచినది అనకాపల్లి జిల్లాలో వరాహనది యొడ్డున నున్న ఏటికొప్పాక. అచటి పనివారు మెత్తని అంకుడు కర్రను ఆరబెట్టి, తరిమెనకు బిగించి, ఉలితో మలచుదురు. అది తిరుగుచుండగనే రంగులక్క కడ్డీని ఆనించినచో రాపిడి వేడికి లక్క కరగి కర్రకు పట్టుకొనును. పిమ్మట మొగలియాకుతో రుద్దగా అద్దమువలె మెరయును.

వస్తువు చిన్నదైనకొలది పని సులభమని తలంతుము. కాదు. పెద్ద కుంకుమభరిణెలో వెండ్రుకవాసి తేడా కంటికి ఆనదు. వ్రేలికణుపంత భరిణెలో ఆ తేడాకే మూత పట్టదు. లోపల తొలుచునప్పుడు అంచు పగులరాదు. పైనెక్కు లక్కకును మందముండును గనుక, దానికి చోటు ముందుగనే విడువవలెను. కర్ర పచ్చిదైనచో నేడు సరిపోయిన మూత కొన్నాళ్లకు బిగిసిపోవును, లేదా వదులగును. కొనువారు ధర అడుగుటకు ముందు మూత తీసి పెట్టి చూచుట మంచిది.

రంగుల సంగతి ఇంతకన్న ముఖ్యము. పసిబిడ్డ దేనినైనను నోట బెట్టుకొనును. రంగులో సీసమువంటి లోహమున్నచో ప్రమాదము. పసుపు, నీలి, జాఫ్రా గింజలవంటి వాని రంగులను లక్కలో కలుపు పద్ధతికి సి. వి. రాజుగారు పట్టుదలతో మరల ప్రాణము పోసిరి. 2017లో ఈ బొమ్మలకు భౌగోళిక గుర్తింపును, 2023లో వారికి పద్మశ్రీయు లభించినవి.

గుర్తింపు వచ్చినను కర్ర రావలెను గదా! అంకుడు, నరికిన మోడునుండి మరల చిగుర్చు చెట్టు. వేళ్లతో పెకలింపక కొమ్మలు మాత్రము కోసికొని, బంజరులలో క్రొత్త మొక్కలు నాటినచో తరిమెన ఆగదు.