గోత్రమా, గుణమా? కాలేయ క్యాన్సర్ కణాల గుర్తులు

1895లో భీమవరంలో పుట్టి 1948లో అమెరికాలో కన్నుమూసిన జీవరసాయన శాస్త్రవేత్త యల్లాప్రగడ సుబ్బారావుగారి స్మృతిలో కాలేయం గురించి మాట్లాడటం సముచితమే. రక్తహీనతకు మందు కోసం ఆయన ఏళ్ల తరబడి వెతికింది కాలేయ సారంలోనే. సహపరిశోధకుడు ఫిస్కేతో కలిసి 1925లో ప్రకటించిన ఫాస్ఫరస్ పరీక్ష కూడా ముందు కొలతకే కట్టుబడింది. కాలేయ క్యాన్సర్‌లో రోగి భవిష్యత్తు అంచనాకూ అదే క్రమశిక్షణ కావాలి. కణం ఎక్కడ పుట్టిందన్న ఊహకంటే, అదిప్పుడు ఏ స్థితిలో ఉందన్నది ముఖ్యం.

ఈ క్యాన్సర్ గుర్తుల కథలో తొలి అధ్యాయం మీకు తెలిసిందే, త్వరగా దాటేస్తాను. 1963లో మాస్కోలో అబెలెవ్ ఎలుకల కాలేయ కణితుల్లో ఆల్ఫా ఫీటోప్రోటీన్‌ను చూపారు. 1964లో తతారినోవ్ రోగుల రక్తంలో చూపారు. పిండదశ ప్రోటీన్ ముదిరిన వయసులో తిరిగొచ్చింది.

నేను పరిశోధించిన ఘట్టం ఈ హైదరాబాద్ పాతబస్తీదే కనుక ఇక్కడ కాసేపు ఆగుతాను. ఇక్కడి పరిశోధకులు హబీబుల్లాగారి బృందం, కాలేయం హఠాత్తుగా విఫలమైన ఏడుగురి ఉదర కుహరంలోకి పిండ కాలేయ కణాలను ఎక్కించిన ప్రయోగం 1994లో అచ్చయింది. తర్వాత కంచన్‌బాగ్‌లోని దక్కన్ వైద్య కళాశాల కాలేయ పరిశోధన కేంద్రం 2010లో మరో ఫలితం ప్రకటించింది. పిండ కాలేయం నుంచి ఎప్‌క్యామ్ అనే ఉపరితల ప్రోటీన్ గుర్తున్న కణాలను ఏరి, టెక్నీషియం రేడియోధార్మిక జాడ తగిలించి, కాలేయ ధమని గుండా సిర్రోసిస్ రోగులకు పంపారు. ఆ వైద్యం ఎంత నిలిచిందన్నది వేరే చర్చ. గమనించాల్సింది ఒకటుంది: అక్కడ మరమ్మతు ఆశ చూపిన అదే ఎప్‌క్యామ్, కణితిలో కనిపిస్తే భయపెడుతోంది. అంటే గుర్తుకు స్వతహాగా శుభాశుభాలు లేవు. 2008లో పరిశోధకుడు యమషిత బృందం ఎప్‌క్యామ్‌ను, ఆల్ఫా ఫీటోప్రోటీన్‌ను జంటగా చూసి కణితులను నాలుగు తెగలుగా విడదీసింది. ఎప్‌క్యామ్ ఉండి ఆల్ఫా ఫీటోప్రోటీన్ లేని తెగ ఫలితాలు మెరుగే. రెండూ ఉన్నది ప్రమాదకరం.

ఇక్కడే మూలకణవాదులతో నాకు పేచీ. పిండగుర్తు ఉంది కనుక కణితి మూలకణం నుంచే పుట్టిందంటారు. వేషం చూసి గోత్రం చెప్పడమే ఇది. 2015లో ఎలుకల్లో కణ వంశాలకు రంగు గుర్తులేసి చూస్తే, పరీక్షించిన నమూనాల్లో కణితులు పరిణత కాలేయ కణాల నుంచే పుట్టాయి. ఆ కణితుల్లో కెరాటిన్ 19, ఆల్ఫా ఫీటోప్రోటీన్ చూపే కణాలూ ఆ పరిణత కణాల సంతతే. ఎలుక మనిషి కాదనే ఆక్షేపణ సబబే. మనిషిలో మూలకణం పాత్రను అది కొట్టిపారేయదు. కానీ గుర్తు ఉన్నంత మాత్రాన పుట్టుక రుజువు కాదని చెప్పడానికి ఒక్క ఎదురు ఉదాహరణ చాలు. పుట్టుక తెలియకపోతే అంచనా ఎలాగంటారా? నివారణకు పుట్టుక కావాలి. రోగి రేపు ఎలా ఉంటాడన్న అంచనాకు ఇప్పటి గుణం చాలు. బయాప్సీ సూది మొనకు దొరికిన ముక్క కణితి మొత్తానికి ప్రతినిధి కాదన్నది మాత్రం గట్టి ఆక్షేపణే. అందుకే గుర్తును కణితి పరిమాణం, సంఖ్య, రక్తనాళాల చొరబాటు, మిగిలిన కాలేయ శక్తితో కలిపి చదవాలి.

సమయం మించుతోంది, మిగతాది రెండు మాటల్లో. కాలేయ క్యాన్సర్‌కు దారితీసే హెపటైటిస్ బికి దేశీయ టీకా 1997లో ఈ నగరంలోనే శాంతా బయోటెక్నిక్స్ నుంచి వచ్చింది. అది నివారణ కథ. 2019లో కాలేయ క్యాన్సర్ రోగుల్లో ఆల్ఫా ఫీటోప్రోటీన్ మిల్లీలీటరుకు 400 నానోగ్రాములు, అంతకుమించి ఉన్నవారికే రాముసిరుమాబ్ మందును అమెరికా అనుమతించింది. 2020లో ఇమ్యునోథెరపీ మొదటి వరుస చికిత్సల్లోకి వచ్చింది. గుర్తుల పట్టిక పెరుగుతూనే ఉంటుంది. కాబట్టి బయాప్సీ రిపోర్టులో ‘మూలకణ రకం’ అని తీర్పు రాయడం మాని, ఏ గుర్తు, ఎంత శాతం కణాల్లో, దేనితో జంటగా కనిపించిందో రాయమని పాథాలజీ మిత్రులకు నా విన్నపం.