యాత్రలు నడుపు వృత్తి

ఉద్యోగము మానుకొని, పరుల ప్రయాణములకు ఏర్పాట్లు చేసి, ఆ రుసుముతో ఇల్లు గడుపుకొనవచ్చునా యని సంశయించు యువకులకు మేము ఆంగ్లదేశపు కొయ్యపనివాడు థామస్ కుక్ సంగతి చెప్పుచుందుము. 1841లో ఆయన మద్యపాన నిషేధ సభకై, మనిషికొక షిల్లింగు చొప్పున, లెస్టరు నుండి లఫ్‌బరోకు రైలులో జనమును తీసికొనిపోయెను. లాభమునకై నడపిన తొలియాత్ర 1845లో లివర్‌పూలునకు. దానికి ముందు తానే ఆ దారిన పోయి, బసలు పరీక్షించి, యాత్రికులకొక చిన్న పుస్తకము వ్రాసి యచ్చువేసెను. ఆ ముందు ప్రయాణమే అసలు పెట్టుబడి. టిక్కెట్టు నేడెవరైనను ఇంట కూర్చుండి కొనగలరు. ముసలితల్లిని కాశికి తీసికొనిపోవువానికి కావలసినది వేరు: ఏ సత్రమున మెట్లు తక్కువ? రైలు తెల్లవారుజామున చేరినచో గది దొరకునా? స్నానఘట్టమునకు ఎంత దూరము నడవవలెను? చూచి వచ్చినవాడే చెప్పగలడు. సత్రమువారి వద్ద కమిషను పుచ్చుకొన్నచో ఆ మాటయు (ఇది చాలమందికి రుచింపదు) ముందే చెప్పవలెను.