తాత పేరు ఏ రిజిస్టర్లో ఉంది?

(ఆగస్టు 9 ఆదివాసీ దినోత్సవం సందర్భంగా రాయచోటిలో యువకుల సమావేశంలో చేసిన ప్రసంగం. రాలేకపోయిన మిత్రులు అడిగినందున ఇక్కడ పెడుతున్నాం.)



పొద్దుట్నుంచి భూమి గురించి, రిజర్వేషన్ల గురించి, తాండాల్లో తాగునీళ్ల గురించి మాట్లాడినారు. అన్నీ అవసరమైన మాటలే. నేను మాత్రం ఒక చిన్న పుస్తకం గురించి చెప్తాను. సైన్యం నుంచి బయటికి వచ్చేటప్పుడు జవానుకు ఇచ్చే డిశ్చార్జి బుక్కు అది. మా ఇంట్లో ఆ బుక్కు మా అవ్వ ట్రంకు పెట్టెలో, చీరల అడుగున ఏండ్ల తరబడి పడి ఉండింది.

మాది రాయచోటి పక్క తాండా. సుగాలోళ్లం. మా తాత 1967లో, 19 ఏండ్ల వయసులో, బెంగళూరు పోయి సైన్యంలో చేరినాడు. 1971 డిసెంబరులో పాకిస్తాన్‌తో యుద్ధం జరిగినప్పుడు పడమటి సరిహద్దులో ఉన్నాడు. 1983లో పెన్షన్ మీద ఇంటికొచ్చి, శెనక్కాయ పంట వేసుకుని బతికినాడు. యుద్ధం గురించి ఆయన మాకు చెప్పింది చాలా తక్కువ. ఎప్పుడన్నా అడిగితే అక్కడి చలి గురించి చెప్పేవాడు.

మా చెల్లెలు కాలేజీలో ఎన్.సి.సి.లో చేరినాక ఒకరోజు ఆ బుక్కు తీసి చదివింది. పతకాలు రాసే చోట ఒకే ఒక్క పేరు ఉంది. స్వాతంత్ర్యం వచ్చి 25 ఏండ్లు నిండినప్పుడు సర్వీసులో ఉన్న అందరికీ ఇచ్చిన పతకం అది. "తాతా, నువ్వు యుద్ధంలో ఉంటివి గదా, స్టార్ ఏదీ?" అని అడిగింది. తాత కాసేపు మాట్లాడలేదు. "నేను యాడ ఉంటినో నాకు తెలుసు గదమ్మా" అన్నాడు అంతే.

ఆ పాప అడిగింది సరైన ప్రశ్న. 1971లో తూర్పున, అంటే ఇప్పటి బంగ్లాదేశ్ వైపు, పోరు జరిగిన చోట పనిచేసినవాళ్లకు పూర్వీ స్టార్ ఇచ్చినారు. పడమటి వైపు పనిచేసినవాళ్లకు పశ్చిమీ స్టార్. ఆ యుద్ధ కాలపు సేవకు సంగ్రామ్ మెడల్ కూడా ఉంది. ఇవి వీరచక్ర లాంటి సాహస పతకాలు కావు. వీటితో నెలనెలా డబ్బేమీ రాదు. "ఈ మనిషి ఆ యుద్ధంలో ఉన్నాడు" అని ప్రభుత్వం ఒప్పుకున్న సాక్ష్యం, అంతే. ఆ సాక్ష్యమే మా తాత కాగితాల్లో లేదు.

ఎందుకు లేదు? ఎవరో కక్షగట్టి కొట్టేసినారని నేను చెప్పడం లేదు. సైన్యంలో పతకం మనిషి వెంట దానంతటది రాదు. యూనిట్ పేర్ల జాబితా పంపాల. అర్హత పార్ట్ టూ ఆర్డర్‌లో అచ్చు కావాల. దాన్ని రికార్డు ఆఫీసు జవాను షీట్ రోల్‌లో ఎక్కించాల. డిశ్చార్జి బుక్కులో రాసేది దాన్ని చూసే. ఈ గొలుసులో ఒక్క కొండి తెగినా పేరు జారిపోతుంది. యుద్ధం అయినాక మా తాతను వేరే యూనిట్‌కు బదిలీ చేసినారు. పాత యూనిట్ "మావాడు కాదు" అనుకుంది. కొత్త యూనిట్ "మాకు సంబంధం లేదు" అనుకుంది. జాబితా పోయే నాటికి ఆయన రెండు చోట్లా లేడు.

మేం రాసిన మొదటి ఉత్తరానికి వచ్చిన జవాబు విన్నాక మీకు నవ్వొస్తుంది, ఏడుపూ వస్తుంది. మా తాత పేరు చివర నాయక్ ఉంది. మన తాండాల్లో అది ఇంటింటి పేరు. సైన్యంలో అది ఒక ర్యాంకు! సిపాయి, లాన్స్ నాయక్, నాయక్, హవల్దార్. కాగితం చూసినాయన ఆ నాయక్‌ను ర్యాంకు అనుకుని, మిగిలిన సగం పేరుతో వెతికినట్టుంది. "ఈ పేరుతో నాయక్ ర్యాంకులో ఎవరూ లేరు" అని రాసి పంపినారు. 1971లో ఆయన ఉత్త సిపాయి మరి.

రెండో చిక్కు అడ్రసు. బుక్కులో కడప జిల్లా, రాయచోటి తాలూకా అని ఉంది. 1985లో తాలూకాలు పోయి మండలాలు వచ్చినాయి. 2010లో కడప వైఎస్సార్ జిల్లా అయ్యింది. 2022లో రాయచోటి కేంద్రంగా అన్నమయ్య జిల్లా ఏర్పడింది. ఆధార్‌లో ఒక జిల్లా, బుక్కులో ఇంకో జిల్లా. పుట్టిన తేదీ కూడా ఒకటి కాదు. తాండాలో పుట్టిన పిల్లోనికి తేదీ ఎవరు రాసి పెట్టినారు? చేరేటప్పుడు అక్కడ కూర్చున్న గుమాస్తా మీసాలు చూసి రాసిన తేదీ అది. మనిషి ఒక్కడే, కాగితాల్లో ముగ్గురు. అందుకే ఇంకో ఉత్తరంలో ఆర్మీ నంబరును అన్నిటికంటే పైన, పెద్దగా రాసినాం. పేరు మారొచ్చు, ఊరి పేరు మారొచ్చు, ఆ నంబరు మారదు.

ఇక్కడ ఒక మాట ఆగి ఆలోచించండి. మన పేర్లు రాసుకోవడం ప్రభుత్వానికి చేతకాదా? బాగా చేతనవును. 1871లో తెల్లదొరలు నేరస్థ తెగల చట్టం తెచ్చినారు. 1911 చట్టంతో అది మద్రాసు ప్రెసిడెన్సీకీ వచ్చింది. ఎరుకలోళ్లను, సుగాలోళ్లను, యానాదులను పుట్టుకతోనే దొంగలుగా రాసినారు. వేలిముద్రలు తీసుకున్నారు. పోలీసుల ముందు హాజరు వేయించినారు. ఊరు దాటితే చీటీ ఉండాలన్నారు. స్టూవర్టుపురం లాంటి సెటిల్మెంట్లలో పెట్టినారు. స్వాతంత్ర్యం వచ్చిన తర్వాత 1952 ఆగస్టు 31న గానీ దేశమంతటా ఆ చట్టం రద్దు కాలేదు. అంటే మా తాత పుట్టే నాటికి ఆ రిజిస్టర్లు ఇంకా దేశంలో తెరిచే ఉన్నాయి. దొంగల రిజిస్టర్లో మన తాతల పేరు ఒక్కటీ తప్పిపోలేదు. యుద్ధం చేసినోళ్ల రిజిస్టర్లో మాత్రం జారిపోయింది. నా బాధ ఇదీ.

"యుద్ధాలను, సైన్యాన్ని మనం ఎందుకు మోయాల?" అని మనలో కొందరు అడుగుతారు. అడగాల్సిందే. అడవుల్లో యూనిఫాం చూసి భయపడే మన అన్నదమ్ములు ఉన్నారు. నేను యుద్ధాన్ని పొగడటానికి రాలేదు. కూలి లేక, కరువుకు తాళలేక చేరినవాళ్లే మనోళ్లలో ఎక్కువ. వాళ్లు పనిచేసినారు, ప్రాణం పణంగా పెట్టినారు. చేసిన పనికి లెక్క రాయమనడం ఉపాధి హామీ మస్టర్లో పేరు రాయమన్నట్టే. అది హక్కు.

ఇది మన ఒక్కరి కథ కాదు. అమెరికాలో ఆదివాసీ తెగ అయిన సూ జాతి బిడ్డ వుడ్రో కీబుల్ ఉన్నాడు. 1951 అక్టోబరులో కొరియా యుద్ధంలో, ఒళ్లంతా గాయాలతో, కొండ మీద మూడు మెషిన్‌గన్ బంకర్లను ఒంటరిగా పోయి పడగొట్టినాడు. తోటి సైనికులు ఆయనకు అత్యున్నత పతకం ఇవ్వాలని సిఫారసు రాసి పంపినారు. ఆ కాగితం పోయింది. మళ్లీ రాసినారు. అదీ పోయింది. అంతకంటే తక్కువ పతకం ఇచ్చి ఊరుకున్నారు. ఆయన 1982లో కన్నుమూసినాడు. ఇంటివాళ్లు, తెగవాళ్లు వదల్లేదు. గడువు దాటిపోయిందంటే, ఆ గడువు తొలగించే చట్టం కోసం చట్టసభ దాకా పోయినారు. చివరికి 2008 మార్చిలో మెడల్ ఆఫ్ ఆనర్ ఇచ్చినారు. అంతకు ముందు ఏడాదే ఆయన భార్య కూడా పోయింది. గెలిచినారు, కానీ చూడాల్సిన ఇద్దరూ లేరు.

అదే దేశంలో ఇంకో లెక్క ఉంది. 1890 డిసెంబరు 29న వూండెడ్ నీ దగ్గర ఆడవాళ్లు, పిల్లలతో సహా 250 మందికి పైగా లకోటా ఆదివాసీలను సైన్యం చంపింది. ఆ పని చేసిన సైనికులకు 20 వరకు అదే మెడల్ ఆఫ్ ఆనర్లు ఇచ్చినారు. వాటిని వెనక్కి తీసుకోవాలని లకోటా బిడ్డలు ఇప్పటికీ పోరాడుతున్నారు. ఆ కాగితాలు మాత్రం ఏవీ దారిలో పోలేదు, చూడండి.

మన దేశానికి వస్తే, జార్ఖండ్ గుమ్లా జిల్లా ఉరావ్ ఆదివాసీ లాన్స్ నాయక్ ఆల్బర్ట్ ఎక్కా అదే 1971 డిసెంబరులో గంగాసాగర్ పోరులో ప్రాణం ఇచ్చినాడు. పరమవీర చక్ర వచ్చింది. ఆయన చేసింది చూసినవాళ్లు ఉన్నారు, రాసినవాళ్లు ఉన్నారు, ఆ రాత పైదాకా చేరింది. చూసినవాడు లేక, రాసినవాడు లేక, రాత చేరక మిగిలిపోయినవాళ్లు ఎంతమందో ఆలోచించండి.

మా కథ ఏమైందంటే, రికార్డు ఆఫీసుకు మూడు ఉత్తరాలు, ఒక సమాచార హక్కు దరఖాస్తు పెట్టినాక, తాత పాత యూనిట్ పార్ట్ టూ ఆర్డర్ నకలు దొరికింది. రెండు పతకాలకూ అర్హత ఉందని రాతపూర్వకంగా వచ్చింది. బుక్కులో ఎర్ర సిరాతో రెండు లైన్లు ఎక్కినాయి. పతకాలు ఇంకా రాలేదు. బజార్లో కొని ఇస్తానంటే తాత వద్దన్నాడు. "రాసినారు గదా, చాలు" అన్నాడు. ఆ తర్వాత ఇంకో మాట అన్నాడు. "మరి వాని సంగతేంది?"

వాడు అంటే తాతతో పాటు చేరిన ఎరుకల పిల్లోడు, పక్క మండలం ఆయన. యుద్ధంలో కాలికి దెబ్బ తగిలి, రెండేండ్లకే ఇంటికి పంపేసినారు. అది శత్రువు దెబ్బ అని కాగితంలో లేదు, ఏదో మామూలు గాయం అని ఉంది. యుద్ధ గాయం అని రాసి ఉంటే పెన్షన్ లెక్కే వేరుగా ఉండేది. శత్రువు చేతిలో గాయపడినవాళ్లకు ప్రత్యేకంగా ఒక పతకం కూడా ఉంది, ఇప్పుడు పరాక్రమ్ పదక్ అంటారు. ఆయనకు ఏదీ రాలేదు. పెన్షన్ లేకుండానే పోయినాడు. ఆ అవ్వ ఇప్పుడు పిడికెడు మందులు మింగుతూ కొడుకు పంచన ఉంది. పెన్షన్ లేకుండా వచ్చిన జవాన్ల కాగితాలను 25 ఏండ్లు దాటితే నాశనం చేయొచ్చని సైన్యం నియమం. మేం అడిగితే వచ్చిన జవాబూ అదే. ఇప్పుడు మిగిలిన సాక్ష్యం అవ్వ దగ్గరున్న ఒక ఆసుపత్రి చీటీ, మా తాత ఇచ్చిన అఫిడవిట్. తాతకు 78 ఏండ్లు దాటినాయి. ఆ కేసు ఇంకా నడుస్తా ఉంది. గెలుస్తామని మీకు మాటివ్వలేను.

అందుకే మిమ్మల్ని అడిగేది ఇదీ. ఈ రోజు ఇంటికి పోయి పెట్టె తెరవండి. డిశ్చార్జి బుక్కు ఉంటే ప్రతి పేజీ ఫోటో తీయండి. ఆర్మీ నంబరు, చేరిన తేదీ, వచ్చిన తేదీ, యూనిట్ల పేర్లు వేరే కాగితం మీద రాసుకోండి. తాత బతికి ఉంటే ఎక్కడెక్కడ పనిచేసినాడో, పక్కన ఎవరున్నారో అడిగి రాయండి. ఆ పక్కనున్నాయనే రేపు మీ సాక్షి.

తర్వాత ఆయన పనిచేసిన రెజిమెంట్ రికార్డు ఆఫీసుకు రాయండి. మద్రాస్ రెజిమెంట్‌కైతే ఊటీ పక్కన వెల్లింగ్టన్‌లో, మద్రాస్ సాపర్లకైతే బెంగళూరులో, ఫిరంగి దళానికైతే నాసిక్‌లో ఉంది. జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయం ద్వారా కూడా పంపండి, రెండు దారులూ మంచిదే. తాత చనిపోయి ఉంటే మరణ ధ్రువపత్రం, వారసులమనే ఆధారం జత చేయండి. జవాబు రాకపోతే 2005 సమాచార హక్కు చట్టం కింద 10 రూపాయలు కట్టి షీట్ రోల్, పార్ట్ టూ ఆర్డర్ల నకళ్లు అడగండి. 30 రోజుల్లో జవాబియ్యాల. ఇయ్యకపోతే అప్పీలు చేయండి. అదీ కుదరకపోతే 2007 చట్టంతో వచ్చిన సాయుధ దళాల ట్రిబ్యునల్ ఉంది. ప్రతి ఉత్తరం స్పీడ్ పోస్టులో పంపి రసీదు దాచుకోండి. మీ పేర్లో నాయక్ ఉంటే, అది పేరో ర్యాంకో తెలిసేటట్టు రాయండి!

చదువుకున్నోళ్లు మీరు. ఈ ఉత్తరాలు రాయడానికి వకీలు అక్కర్లేదు. ఒక్కో తాండాకు, ఒక్కో ఎరుకల కాలనీకి, యానాది పల్లెకు ఒకరు కూర్చుంటే చాలు. పశ్చిమ గోదావరిలో మిలిటరీ మాధవరం అనే ఊరుంది. ఊరి నుంచి సైన్యానికి పోయినవాళ్లను ఊరంతా లెక్కపెట్టుకుని, పేరులోనే మిలిటరీ పెట్టుకున్నారు. మన తాండాల నుంచి ఎంతమంది పోయినారో మనకే తెలియదు. ముందు ఆ లెక్క మనం రాద్దాం. ఒక నోటు బుక్కు కొని, మొదటి పేజీలో మీ తాత పేరు, నంబరు రాయండి. రెండో పేజీలో మీ తాత చెప్పిన ఇంకొకరి పేరు.

మా నోటు బుక్కులో రెండో పేరు ఆ ఎరుకల తాతది.

జోహార్. జై సేవాలాల్.