చనిపోయిన పక్షి కన్ను
(పశువైద్య పట్టభద్రులకు స్నాతకోత్సవ ప్రసంగం)

పక్షి ప్రాణం పోగానే కంటిలో కన్నీటి తడి ఆగిపోతుంది. రెప్పలు కదలవు, లోపలి మూడో రెప్పా కదలదు. గాలి తగిలిన కార్నియా ఎండి మసకబారుతుంది. లోపలి ఒత్తిడి తగ్గి కనుగుడ్డు మెత్తబడి కుంగుతుంది. శ్రీకాకుళం జిల్లా ఉద్దానం తీరపు ఉక్కలో ఈ మార్పులు తొందరగా వస్తాయి, చలిలో నెమ్మదిస్తాయి.

అన్నిటికంటే సుకుమారమైనది రెటీనా. పక్షుల రెటీనాలో రక్తనాళాలు ఉండవు. వెనుకనున్న రక్తనాళాల పొరతో పాటు, దువ్వెన పళ్లలా మడతలు పడి కంటి లోపలికి చొచ్చుకొచ్చిన పెక్టెన్ దానికి పోషణ అందిస్తుంది. గుండె ఆగితే ఆ పోషణ తెగిపోతుంది. కణాలు తమ ఎంజైములతోనే కరగడం మొదలవుతుంది: కాంతిని పట్టే కణాల కొనలు ఉబ్బి విడిపోతాయి, కేంద్రకాలు ముడుచుకుంటాయి, రెటీనా వర్ణకపొర నుంచి ఊడివస్తుంది. ఈ ఊడటమే పరీక్షకుడిని ఎక్కువగా మోసగిస్తుంది. పక్షి బతికుండగానే ఊడితే పొరల మధ్య ద్రవం చేరుతుంది, వర్ణకపొర కణాలు ఉబ్బుతాయి. చచ్చాక ఊడితే ఈ గుర్తులు ఉండవు.

మెత్తని కణజాలమంతా పోయినా మిగిలేది కార్నియా చుట్టూ ఉన్న సన్నని ఎముక రేకుల వలయం. డైనోసార్ శిలాజాల్లోనూ అలాంటి వలయాలు దొరికాయి.

2021 చివర, 2022 మొదట్లో టెక్కలి దగ్గరి తేలినీలాపురంలో వందకు పైగా గూడబాతులు, అంటే పెలికాన్లు, చనిపోయాయి. నులిపురుగులే కారణమని తేలింది. అలాంటి విపత్తులో చెట్టు కింద పడిన కళేబరపు తెల్లబారిన కంటిని చూసి కంటిజబ్బని రాస్తే, వెతుకులాట అసలు కారణం నుంచి పక్కకు పోతుంది.

కళేబరాన్ని మంచుపెట్టెలో చల్లగా ఉంచాలి గానీ గడ్డకట్టించకూడదు; మంచు స్ఫటికాలు కణాలను చీలుస్తాయి. పోస్టుమార్టంలో ముందుగా కన్ను తీయడం మేలు. మామూలు ఫార్మలిన్‌లో రెటీనా ఊడే అవకాశం ఎక్కువ, డేవిడ్సన్ ద్రావణం నయం. ఎముక రేకులున్నందున పలుచగా కోసే ముందు కాల్షియం తొలగించాలి. బర్డ్ ఫ్లూ అనుమానం ఎప్పుడూ ఉంటుంది కాబట్టి గ్లవ్స్, మాస్కు తప్పనిసరి.

పలాస, టెక్కలి ప్రాంతాల్లో పనికి దిగే పట్టభద్రులు కన్ను గురించి ఒక్క వాక్యం రాసే ముందు, ఆ పక్షి ఎప్పుడు చనిపోయిందో, ఎండలో పడి ఉందో నీడలో ఉందో నమోదు చేయాలి.