పంపు ఉన్న చోటు: పచ్చగన్నేరు విషం, గుండె కణపొర

ఖమ్మం మైదానం భద్రాచలం అడవిని తాకే ఊళ్లలో పచ్చగన్నేరు అందరూ ఎరిగిన చెట్టు. పువ్వు పూజకు పనికొస్తుంది, పప్పు ప్రాణం తీస్తుంది. అందులోని గ్లైకోసైడ్లు పట్టుకునేది కణపొరలోని సోడియం పంపును. ఈ పంపుగా పనిచేసే ఎంజైమును 1957లో పీత నరాల్లో గుర్తించిన డెన్మార్క్ శాస్త్రవేత్త జెన్స్ స్కౌకు 1997లో నోబెల్ బహుమతి వచ్చింది. ఒక్కో ఏటీపీ అణువు ఖర్చుతో పంపు 3 సోడియం అయాన్లను బయటికి తోసి 2 పొటాషియం అయాన్లను లోపలికి తెస్తుంది. ఆ ఏటీపీని 1929లో ఫిస్క్‌తో కలిసి కండరంలో కనిపెట్టింది భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు. ఆ ఏడాదే జర్మనీలో లోమన్ కూడా కనిపెట్టారు. నా వాదం ఒక్కటే. గుండెలో పంపులెన్నో లెక్కపెడితే చాలదు, ఏ రకం పంపు ఎక్కడుందో చూడాలి.

మనిషి గుండెలో ఆల్ఫా-1, ఆల్ఫా-2, ఆల్ఫా-3 అనే మూడు రకాలున్నాయి. ఎలుక గుండె కణాల్లో ఆల్ఫా-1 పొరంతా పరచుకుని ఉంటే, ఆల్ఫా-2 సంఖ్యలో తక్కువైనా, పొర లోపలికి చొచ్చుకుపోయే టీ-నాళికల్లో ఎక్కువగా చేరింది. కాల్షియం నిల్వలకు ఆనుకున్న చోటు అదే. చెరువుకు తూములెన్ని ఉన్నా, పొలం పక్కనున్న తూము మూసుకుపోతేనే రైతుకు తెలుస్తుంది. అక్కడి పంపు ఆగితే ఆ ఇరుకులో సోడియం పెరుగుతుంది, కాల్షియాన్ని బయటికి పంపే సోడియం-కాల్షియం మార్పిడి ప్రొటీను మందగిస్తుంది, కాల్షియం నిల్వలు నిండుతాయి. ముందు గుండె బిగువు పెరుగుతుంది, ఆపైన నిల్వలు అదుపు తప్పి లయ చెడుతుంది. 1999లో అమెరికాలో జరిగిన ప్రయోగం నాకు బలమైన సాక్ష్యం: ఆల్ఫా-2 జన్యువు ఒక ప్రతి తీసేసిన చిట్టెలుకల గుండె మరింత బలంగా ముడుచుకుంది, ఆల్ఫా-1 ప్రతి తీసేసిన వాటి గుండె బలహీనపడింది.

దీనికి గట్టి అభ్యంతరమే ఉంది. చిట్టెలుకల్లో ఆల్ఫా-1 కూడా ఆ మార్పిడి ప్రొటీను పక్కనే ఉండి ముడుచుకునే బలాన్ని నియంత్రిస్తుందని 2004లో తేలింది. నిజమే. పొరంతా ఉన్నది టీ-నాళికల్లోనూ ఉంటుంది కదా. అందువల్ల చోటు విలువ తగ్గదు. ఆల్ఫా-2 ఒక్కదానికే ఆ అధికారం కట్టబెట్టకూడదని మాత్రమే రుజువవుతుంది. అసలు చిక్కు ఎలుకతోనే. దాని ఆల్ఫా-1 ఈ విషాలను మనిషి ఆల్ఫా-1 కంటే వందల రెట్లు తట్టుకుంటుంది. మనిషిలో మూడు రకాలూ లొంగిపోతాయి. ఎలుకలో ఆల్ఫా-2 ఒక్కటే దెబ్బతినే మోతాదు మనిషి గుండెలో అన్నిటినీ తాకవచ్చు.

విషం తిన్న మనిషికి ఈ చిరునామాలతో పనేమిటని అడగవచ్చు. రక్తంలో పొటాషియం పెరగడం ఒంట్లోని పంపులన్నిటి సంగతి చెబుతుంది, అందులో పెద్ద వాటా ఎముకల కండరాలది. గుండె సంగతి చెప్పేది ఈసీజీ. భద్రాచలం ఏరియా ఆసుపత్రికైనా, కొత్తగూడేనికైనా రోగిని ఆలస్యం లేకుండా చేర్చి రెండూ కనిపెట్టి ఉండాలి. డిగాక్సిన్ అనే గుండె మందు మీద తయారైన ప్రతిరక్షక ముక్కలు పచ్చగన్నేరు విషానికీ పనిచేస్తాయని శ్రీలంక ప్రయోగం 2000లో చూపింది. ఖరీదు ఎక్కువన్న మాట నిజమే. కానీ అది ప్రభుత్వం భరించాల్సిన భారం. ఇక మిగిలింది మనిషి కణంలో ఈ పంపుల పటం గీయడం. బైపాస్ వేళ తీసే కర్ణిక ముక్కలతో అది కుదరదు, అక్కడ టీ-నాళికలు తక్కువ. గుండె మార్పిడిలో తొలగించిన జఠరిక కావాలి, అదీ జబ్బుపడిన గుండెలో ఆ నాళికలే చెదిరిపోతాయన్న ఎరుకతో.